రంగు పూసినంత మాత్రమున తుప్పు పోవునా?

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో పాత జీపుతో సంబంధము లేని తెలుగు కుటుంబము అరుదు. రాయకోట టమాటా మండీకి పోవుటకును, తళి వైపు గులాబి తోటలకు ఎరువు తోలుటకును, వేపనపల్లి, బరుగూరు మామిడి తోపులలో కాయ దింపుటకును, పెండ్లికి పెద్దలను తెచ్చుటకును, అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన ఆడుబిడ్డను ఆసుపత్రి చేర్చుటకును ఈ జీపే దిక్కయిన కాలము మనలో నలువది యేండ్లు దాటిన ప్రతివానికిని జ్ఞాపకమే. తాత కొనిన బండి, తండ్రి నడిపిన బండి, మనము స్టీరింగు పట్ట నేర్చుకొన్న బండి. దానిని అమ్ముటకు మనకు మనసొప్పదు. ఈ మమకారమును మేము తప్పు పట్టుటలేదు. ఈ మమకారము పేర మనవారు చేయుచున్న మోసమునే తప్పు పట్టుచున్నాము.

ఆ మోస మెట్టిదో అందరికిని తెలియును. ఆర్.సి. పుస్తకము గడువు తీరుటకు పది దినములు ముందు బండి టింకరింగు షెడ్డు చేరును. చిల్లులు పడిన చోట రేకు ముక్క అతికించి, దానిపై లప్పం మెత్తి, కాగితముతో రుద్ది, రంగు కొట్టెదరు. సీట్లకు క్రొత్త తొడుగులు, చక్రములకు నల్లరంగు. పరీక్ష దినమున బండి పెండ్లికొడుకువలె వచ్చి నిలుచును. పరీక్షించువారు దాని చుట్టును ఒక ప్రదక్షిణము చేసి, దీపములు వెలిగించి చూచి, హారను వినిపించుకొని, ఛాసిస్ నంబరునకు పెన్సిలుతో తీసిన అచ్చును సరిచూచి సంతకము చేయుదురు. మనము ఇల్లు చేరి కొబ్బరికాయ కొట్టుదుము. రెండు వానలు పడిన పిమ్మట ఆ రంగు బుడగలెత్తును. దీనిని మనము ఎఫ్.సి. చేయించుట అనుచున్నాము. నిజమునకు మనము చేయించినది రంగు మాత్రమే.

ఇతరులను నిందించుటకు పూర్వము మా తప్పును మేమే చెప్పుకొనవలెను. మాది ఇనుప సామానులు, రంగుల వ్యాపారము. ఆ లప్పం డబ్బాలను, ఆ రంగు డబ్బాలను అమ్మినవారము మేమే. "ఎఫ్.సి.కి బండి పోతా ఉండాది, తొందరగా ఆరే రంగు ఇయ్యన్నా" అని అడిగినవారికి, అడుగున ఇనుము ఎట్లున్నదని ఒక్కనాడైనను మేము అడిగియుండలేదు. అంతియేకాదు. మా తండ్రిగారు కొనిన జీపునకును మేము అదే వైద్యము చేయించితిమి.

దాని ఫలము కూడ చెప్పెదము. పరీక్షలో నెగ్గి నలువది దినములైనను కాలేదు. మేమును, మా తమ్ముడును, అతని కూతురును ఒక నిశ్చితార్థమునకై డెంకణికోట నుండి అంచెట్టికి కొండదారిన దిగుచుంటిమి. ముందురాత్రి వాన కురిసియుండెను. ఒక మలుపు దగ్గర వెనుక ఎడమవైపున పెద్ద చప్పుడైనది. కమాను కట్టను ఛాసిస్‌నకు పట్టియుంచు హ్యాంగరు, తాను అతుకబడియున్న ఇనుపముక్కతో సహా ఊడి వచ్చినది. ఇరుసు ప్రక్కకు జరిగినది. జరుగుచు దాని వెంబడి పోవు బ్రేకు గొట్టమును తెంచినది. కాలు అడుగు వరకు పోయినను బ్రేకు లేదు. బండి కొండవైపు గట్టునకు గ్రుద్దుకొని నిలిచినది. పాపకు ముంజేయి విరిగినది. కొండవైపు ఒరిగినది కావున మేము నేడు ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాము. లోయవైపు ఒరిగియుండిన ఈ పత్రికలో మీరు చదువునది వేరొక వార్త అయియుండును.

బండిని త్రాళ్లతో కట్టి తెచ్చిన మెకానిక్కు క్రిందికి దూరి స్క్రూడ్రైవరుతో ఛాసిస్‌ను పొడిచెను. అది అరటిబోదెలో దిగినట్లు దిగినది. అతడు బయటికి వచ్చి అన్న మాట మా చెవిలో నేటికిని మ్రోగుచున్నది: "ఇనుము యాడుందన్నా? రంగే బండిని మోస్తా ఉండాది."

ఇనుము తుప్పు పట్టుటకు నీరును, గాలియు రెండును కావలెను. అందు ఉప్పు చేరినచో పని వేగిరపడును. తుప్పు తాను తిన్న ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు ఆక్రమించును. కావుననే రంగు క్రింద బుడగ లేచును. ఆ బుడగ రోగము కాదు, రోగము ముదిరినదని తెలుపు గుర్తు. పైన గీకి రంగు పూసినంత మాత్రమున లోపలి తడి పోదు. పైగా బయటికి పోవు దారి మూసికొని అది లోననే పని చేయును. రేకు అతికి చుట్టును పూర్తిగా వెల్డింగు చేయక రెండుమూడు చోట్ల చుక్కలు పెట్టి విడిచినచో, రెండు రేకుల నడుమ నీరు నిలిచి పాత రేకును, క్రొత్త రేకును కూడ తినివేయును.

మనది సముద్రతీరము కాదు గదా, మన బండ్లకు తుప్పు భయమేమి అని కొందరందురు. ఇది పొరపాటు. ముంగారు వాన మొదలు కార్తీకపు తుపాను వాన వరకు మన సీమలో నేల తడి ఆరని నెలలు చాల కలవు. ఎఱ్ఱమట్టి బురద ఛాసిస్ కమ్ముల మధ్య, మడ్‌గార్డుల మడతలలో గట్టిపడి, తడిగుడ్డ చుట్టినట్లు ఇనుమును అంటిపెట్టుకొని యుండును. మీద కడిగెదము, అడుగున కడుగము. ఇంకొకటి కలదు, దానిని మనవారు తలపోయుటయే లేదు. మనము జీపులో ఎరువు మూటలు తోలుదుము. పొటాషు ఎరువులో నుండునది క్లోరైడు. అది ఇనుము పాలిట ఉప్పువంటిదే. చినిగిన మూటనుండి రాలిన పొడి చాప క్రిందికి పోవును, పైన టమాటా రసము కారును, వాన చినుకు పడును. సముద్రము మన యూరికి రాలేదు గాని, ఉప్పును మనమే మూటగట్టి తెచ్చుకొంటిమి. చెన్నపట్టణమునుండి చౌకగా కొని తెచ్చిన బండ్లకైతే సముద్రపు ఉప్పుగాలి దెబ్బ మునుపే తగిలియుండును.

జీపులో తుప్పు ఎక్కడ తిన్నను ఒకటే కాదు. తలుపు అంచునో, బానెట్టు మూలనో చిల్లి పడిన అందము చెడును గాని ప్రాణము పోదు. కమాను కట్టల హ్యాంగరులు, షాకిలులు పట్టిన చోటు, ఛాసిస్ అడ్డకమ్ములు, స్టీరింగు పెట్టె బోల్టులు బిగించిన చోటు, బాడీని ఛాసిస్‌నకు పట్టియుంచు మౌంటులు, సీటుబెల్టు బిగించిన రేకు, బ్రేకు గొట్టములు, ఇవి ప్రాణస్థానములు. పాత జీపులలో బ్రేకు నూనెకు నాలుగు చక్రములకును కలిపి ఒకటే దారి. ఒక్క చోట సన్నని గొట్టము తుప్పు తిని పగిలిన నాలుగు చక్రములకును బ్రేకు పోవును. పాత విల్లీస్ నమూనా జీపులలో డ్రైవరు సీటు క్రిందనే పెట్రోలు టాంకి. ఆ సీటు క్రింది రేకు జల్లెడయైనచో కూర్చున్నవాడు దేనిమీద కూర్చున్నాడో ఆలోచించుకొనవలెను. షెడ్డునకు పోయినప్పుడు మనము మొదట చేయించునది తలుపు. కడపట కూడ చూపింపనిది హ్యాంగరు. అందమునకు ఖర్చు పెట్టి ప్రాణమునకు పెట్టకుంటిమి.

ఇక ప్రభుత్వము మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండికి మొదటి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును; పిమ్మట పరీక్షించి అయిదేసి యేండ్లకు పొడిగింతురు. బాడుగ బండ్లకు వేరుగా ఎఫ్.సి. కలదు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని రుసుముల సంగతి చూడుడు. పదునైదేండ్లు దాటిన కారు, జీపుల రిజిస్ట్రేషను పొడిగింపునకు పూర్వము 600 రూపాయలుండెను. 2022 ఏప్రిల్ 1 నుండి అది 5,000 అయ్యెను. ఇరువదియేండ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో 10,000 చేసిరి. బండి వయస్సుతో రుసుము పెరిగెను. పరీక్ష పెరిగెనా? 600 రూపాయల నాడును అదే ప్రదక్షిణము, అదే హారను. 10,000 రూపాయల నాడును అదియే యైనచో ఈ ధనము దేనికి చెల్లించుచున్నాము? పాత బండి ప్రమాదకరమని రుసుము హెచ్చించినవారు, ఆ ప్రమాదము ఎక్కడ దాగియున్నదో వంగి చూడవలదా? బండిని గుంటమీద నిలిపియో, పైకెత్తియో, దీపము పట్టి, చిన్న సుత్తితో తట్టి చూచుటకు పావుగంట చాలును.

యంత్ర పరీక్షా కేంద్రములు వచ్చిన అన్నియు చక్కబడునని కొందరి నమ్మకము. వాటికి 2021లోనే నియమములు వెలువడినవి. రావలసినవే. యంత్రము బ్రేకు బలమును కొలుచును, పొగను కొలుచును, దీపపు కాంతిని కొలుచును. కమ్మి లోపలి తుప్పును మాత్రము మనుష్యుడు కన్నుతో, చేతితో చూడవలసినదే.

ఇతర దేశములు ఈ పని ఎట్లు చేయుచున్నవో ఒక్కటి చెప్పెదము. బ్రిటనులో 1960లో పదియేండ్లు దాటిన బండ్లకు వార్షిక పరీక్ష పెట్టిరి. కొలది యేండ్లలోనే దానిని మూడేండ్లు దాటిన కార్లన్నిటికిని విస్తరించిరి. అచ్చట తుప్పును గూర్చి నియమము స్పష్టము. స్టీరింగు, బ్రేకు, కమాను, సీటుబెల్టు బిగింపులకు ముప్పది సెంటిమీటర్ల లోపల, అనగా సుమారు అడుగు దూరములో, ఇనుము బలము కోల్పోయినచో బండి తప్పినట్లే. అతుకు వేసిన చుట్టును ఎడము లేక వెల్డింగు చేయవలెను, లప్పం చెల్లదు. తలుపు మూల తుప్పునకు ఎవరును తప్పింపరు. ఇందులో మనము చేయలేనిదేమున్నది? ఒక బెత్తము, ఒక సుత్తి, ఒక దీపము, నిజము చెప్పు నోరు. ఇంతే గదా!

పాత బండ్లన్నిటిని తుక్కు చేయవలెనని మేము వాదించుచున్నామని ఎవరును తలపవలదు. మేము చెప్పునది దానికి ముమ్మాటికిని విరుద్ధము. పదునైదేండ్లు దాటిన ప్రభుత్వ వాహనములను 2023 ఏప్రిల్ 1 నుండి వయస్సును బట్టియే తొలగించుచున్నారు. ప్రజల బండ్లకు మాత్రము 2021 ఆగస్టున ప్రకటించిన తుక్కు విధానము వయస్సును గాక పరీక్షను ప్రమాణముగ పెట్టినది. ఇది న్యాయము. మూడేండ్ల బండి ఎరువు నీటిలో నాని కుళ్లవచ్చును. నలువదియేండ్ల జీపు ఏటేట అడుగు కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించిన ఉక్కువలె నుండవచ్చును. అయితే పరీక్షయే బూటకమైనచో ఈ న్యాయము ఎన్నినాళ్లు నిలుచును? రంగు పూసి నెగ్గిన బండ్లు కొండదారులలో విరిగిపడుచుండగా, ఒకనాడు ప్రభుత్వము "పరీక్ష వలదు, వయస్సే చాలును" అనును. అప్పుడు మంచి జీపు, చెడ్డ జీపు అను భేదము లేక అన్నియు తుక్కుకొట్టు చేరును. తాతగారి బండిని కాపాడుకొనవలెనన్న నిజమైన పరీక్షను కోరవలసినవారము మనమే. దానిని తప్పించుకొనువాడు తన బండికే కాదు, పొరుగువాని మంచి బండికి కూడ గోతి త్రవ్వుచున్నాడు.

మాకు ఎదురువచ్చు మాటలు మేమెరుగుదుము. "ఆ కాలపు ఇనుము వేరు, నేటి రేకు వేరు" అందురు. ఆ కాలపు ఇనుము దళసరి యగుట నిజమే. దళసరిది మెల్లగా తినబడును, తినబడక మానదు. "క్రొత్త బాడీ కట్టించితిమి గదా" అందురు. క్రొత్త బాడీ కట్టించి పాత ఛాసిస్‌మీద పెట్టుట కుళ్లిన దూలముపై క్రొత్త పెంకు కప్పుట వంటిది. పైగా చట్టము అనుమతి లేని మార్పులను ఒప్పదు. "ఉన్నది ఉన్నట్లు చూపిన తప్పింతురు, పేదరైతు ఎట్లు బ్రతుకును?" అందురు. ఇది ఆలోచింపదగిన మాట. రైతు బీదరికమును మేము కన్నులార చూచినవారము. కాని లెక్క చూడుడు. బ్రోకరునకును, లప్పంనకును, రంగునకును, సీటు తొడుగులకును పెట్టు ధనములో ఎంత భాగముతో రెండు హ్యాంగరులు వేయింపవచ్చునో, బ్రేకు గొట్టము మార్పింపవచ్చునో మీ మెకానిక్కునే అడుగుడు. ఆ ప్రశ్నకు మాకు వచ్చిన సమాధానము మమ్ము సిగ్గుపడజేసినది. బీదవాడు రెండుసార్లు ఖర్చు పెట్టలేడు గనుకనే మొదటిసారి సరియైన చోట పెట్టవలెను.

ఇంకొక సంగతి. తుప్పు అన్నిటికంటె ముందు తినకూడనిది ఛాసిస్‌మీది నంబరు. బండి గుర్తింపు ఆ నంబరే. అది తుప్పుతో చెరిగినను, తుప్పు తీయించుటలో గ్రైండరుతో అరగినను బండి ఎవరిదో నిరూపించుట కష్టమగును. కావున ఆ చోటును మెత్తని బ్రష్షుతో శుభ్రపరచి, గ్రీజు రాచి కాపాడుకొనుడు. వెల్డింగు చేయువానికి ముందే చూపి, ఆ చోటు ముట్టవలదని చెప్పుడు.

ఇక చేయవలసినది. మొదట మన యింటి పనులు. వానకాలము ముగిసిన వెంటనే బండి అడుగును నీటితో బాగుగ కడిగి రెండు దినములు ఎండలో ఆరనిండు. చాపలు తీసి నేలరేకును చూడుడు. నీరు పోవు రంధ్రములు మట్టితో మూసికొనియున్న తెరువుడు. ఎరువు తోలినచో క్రింద దళసరి టార్పాలిన్ పరచి, అదే సాయంత్రము కడుగుడు. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునను తట్టుడు. గట్టి ఇనుము గంటవలె పలుకును. కుళ్లినది తడిసిన చెక్కవలె మొద్దుచప్పుడు చేయును. పాత బండి కొనబోవువారు ఒక అయస్కాంతమును జేబులో వేసికొనిపోవుడు. అది అంటని చోట ఇనుము లేదు, లప్పం కలదు. తుప్పు కనబడిన మెరయు ఇనుము వచ్చువరకు గీకించి, ప్రైమరు పూయించి, ఆ పిమ్మటనే రంగు వేయింపుడు. బలము పోయిన చోట అతుకు వేయక ఆ ముక్కనే కోసి మార్పింపుడు.

రెండవది ప్రభుత్వమును కోరవలసినది. పాత బండ్ల పరీక్షలో అడుగుభాగమును తప్పక చూడవలెననియు, చూచిన చోట్లను ఒక పట్టికగా వ్రాసి యజమానికి ఇయ్యవలెననియు కోరుదము. బాడుగ బండికి ఎఫ్.సి. నిరాకరించినచో కారణములను వ్రాతమూలముగ ఇయ్యవలెనని చట్టములోనే కలదు. సొంత బండ్లకును, నెగ్గిన బండ్లకును అట్టి పట్టిక యుండిన, రాబోవు లోపమును రైతు ముందే తెలిసికొనును. ఆ కాగితము తమిళముననో ఇంగ్లీషుననో యుండును. మనలో పెద్దవారు పెక్కుమంది దానిని చదువజాలక వ్రేలిముద్రయో సంతకమో పెట్టి వచ్చుచున్నారు. బడిలో తమిళము చక్కగ నేర్చిన మన పిల్లలు ఆ కాగితమును ఇంటిలో తెలుగున చదివి వినిపింపవలెను. ఫిర్యాదును మాత్రము రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషలోనైనను సమర్పించు హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతివానికి ఇచ్చినది. ఈ విన్నపమును తెలుగునను, తమిళమునను వ్రాసి పంపుదము. కొండదారి తెలుగువానికొకటి, తమిళునికొకటి, కన్నడిగునికొకటి లేదు. అందరి కొరకును అడుగుదము.

మూడవది మా వంతు. ఇకమీదట మా అంగడిలో ఎఫ్.సి. కొరకని లప్పం అడిగినవారికి, అడుగు చూపించితిరా అని అడిగియే ఇచ్చెదము. అమ్మకము తగ్గిన తగ్గనిండు. మన సంఘపు ఆవరణలో వచ్చే నెల మొదటి ఆదివారము ఉదయము ఇద్దరు మెకానిక్కులను పిలిపించి, దీపము, సుత్తి, జాకీలతో సిద్ధముగ నుంచెదము. ఎవరి బండినైనను ఉచితముగ అడుగు చూచి, ఉన్నది ఉన్నట్లు చెప్పుదురు. చెప్పిన మాట యజమానికే గాని అన్యులకు తెలియదు. రంగు వేయింపక, కడిగి మాత్రము తీసికొని రండు.

మొదట పైకెత్తబడునది మా జీపే. క్రొత్త హ్యాంగరులు వేయించితిమి, ఛాసిస్ వెనుక అడ్డకమ్మి మార్పించితిమి, బ్రేకు గొట్టములన్నియు క్రొత్తవి. పైరంగు మాత్రము ఇంకను వేయింపలేదు. అక్కడక్కడ ప్రైమరు మచ్చలతో చూచుటకు అందముగ లేదు. మా తమ్ముని కూతురు చేయి కట్టు విప్పిన నాడు అదే బండిలో ఆమెను తీసికొని వచ్చితిమి. ఎక్కుటకు ముందు ఆ బిడ్డ వంగి క్రిందికి చూచినది. మనమందరమును ఆ మాత్రము వంగుదము.